మగ సంచుల బదులు

మా వదిన ప్రసన్నకుమారి ఉద్యోగం పోయిందని ఆళ్ళగడ్డలో అందరికీ తెలుసు. ఎందుకు పోయిందని అడిగితే మాత్రం నోటికొక కథ. సంచులు చాటుగా అమ్ముకుందట! బస్టాండు దగ్గర టీ బంకులో ఒకడు నా ముందే ఆ మాట అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి లేచాను. లేవకపోతే వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాయరా అని మా అన్న జయరాజు సలహా ఇచ్చాడు. ఆయన బడిపంతులు, ఓపిక ఆయన వృత్తి. నేను బీకాం చదివి పికప్ బండి తోలుకుంటున్నవాణ్ణి, నాకు అంత ఓపిక లేదు. పైగా తగ్గాక రాస్తే ఇది కూడా కంపెనీ సర్క్యులర్‌లా తయారవుతుంది.

వదిన పనిచేసింది ఒక విత్తనాల కంపెనీలో. దాని పేరు రాయను. రాస్తే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది, అంత మర్యాదకు అది తగదు. నంద్యాలలో దానికి పెద్ద గోదాము, పక్కనే అద్దాల ఆఫీసు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అదే చిన్న గోదాము. ఆ షెడ్డుకు తాళం చెవి, ఫోను, చీపురు అన్నీ మా వదినే. నంద్యాల నుంచి సరుకు తెప్పించడం, ఊళ్ళకు పంపడం, ఎక్కడ వాన పడిందో ఎవరి చేను తయారుగా ఉందో కనుక్కుని పైవాళ్ళకు చెప్పడం ఆమె పని. ఆ సంచులు మోసే బండ్లలో నాదీ ఒకటి. మరిది కదా అని నన్ను ఎన్నడూ గారాబం చేసింది లేదు. ఆలస్యమైతే అందరికంటే ముందు తిట్టింది నన్నే.

కోపం మనుషులకు ముక్కు మీద ఉంటుందంటారు. మా వదినకు నాలుక మీదే ఉంటుంది. హమాలీ సంచి విసిరేస్తే తిట్టు. డ్రైవరు "సరేలే అక్కా" అంటే ఇంకా పెద్ద తిట్టు. "సరేలే అంటే నాకేం తెలుస్తాది? ఏమి సరే? నేను చెప్పింది మళ్ళీ చెప్పు" అనేది. అలా తిరిగి చెప్పించుకోనిదే ఏ బండినీ కదలనిచ్చేది కాదు. తప్పు సంచి దిగితే రైతు ఫోన్ చేస్తాడు, తప్పు మాట పోతే ఎవడు ఫోన్ చేస్తాడని ఆమె వాదన. ఆమె తిట్టని రోజు మేమే ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్ళం.

ఇక్కడ విత్తనం సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు చాలామంది సీడు జొన్న వేస్తారు. అది తినే జొన్న కాదు. వేరే రైతులు పై ఏడు వేసుకోబోయే హైబ్రిడ్ విత్తనాన్ని మా నల్లరేగడిలో పండించి కంపెనీకి ఇవ్వాలి. దానికి రెండు విత్తనాలు కావాలి, ఒకటి ఆడది, ఒకటి మగది. కొన్ని సాళ్ళు ఆడ, పక్కన కొన్ని సాళ్ళు మగ వేస్తారు. ఆడ మొక్కకు సొంత పుప్పొడి ఉండదు. పక్కన మగ సాళ్ళు లేకపోతే కంకి నిటారుగా నిలబడుతుంది కానీ ఒక్క గింజ పట్టదు. ఈ రకంలో రెండూ ఒకే పదునులో పడాలి, లేకపోతే ఒకదాని పూత రెండోదానికి అందదు. పదును అంటే విత్తనం వేయడానికి సరిపోయేంత తడి నేలలో ఉండటం. వాన కోసం మేం నెలలు ఎదురుచూస్తాం, పదును మాత్రం మా కోసం ఒక్క పూట కూడా ఎదురుచూడదు.

ఇంత సున్నితమైన వ్యవహారాన్ని నంద్యాల ఆఫీసు ఒక కంప్యూటరుకు అప్పజెప్పింది. ఏ సంచి ఎక్కడుందో అందులో కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన అక్కడ ఉన్నట్టా? వాళ్ళ లెక్కలో ఉన్నట్టే.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు శ్రీవత్స. అహోబిలం వాడు. వాళ్ళ నాన్న లక్ష్మీనరసింహం గారు గుళ్ళో అర్చకులు. కుర్రాడిది అక్షరం పొల్లుపోని భాష. "ఇక్కడ", "అక్కడ" అంటాడు, మా వదినను "అక్కా" అంటాడు. మంచివాడే. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా పక్కా కాలేదు. ఆఫీసులో వాళ్ళు విత్తనాలను "మేల్, ఫిమేల్" అంటారు. ఊళ్ళలో అలా అంటే బాగుండదని, వదినతో మాట్లాడేటప్పుడు శ్రీవత్స పట్టుబట్టి "ఆడ, మగ" అనడం అలవాటు చేసుకున్నాడు. ఇటు మా వదిన ఏమో, ఆఫీసు కుర్రాడు కదా, అతని భాషలోనే చెబుదామని "ఫిమేలు, మేలు" అనేది. ఒకరి మీద ఒకరికి ఉన్న మర్యాద కొద్దీ ఇద్దరూ ఇల్లు మారారు. కొంప ముంచింది ఆ మర్యాదే.

ఎందుకంటే మా నోట "ఆడ" అంటే "అక్కడ".

అది అక్టోబరు చివర. రుద్రవరం రైతుల విత్తనమంతా, ఆడదీ మగదీ, నంద్యాల గోదాములో ఉంది. దొర్నిపాడు రైతులది రెండూ అప్పటికే మా ఆళ్ళగడ్డ షెడ్డుకు వచ్చేసింది. శనివారం మధ్యాహ్నం నల్లమల తట్టు మబ్బు కమ్మింది. వదిన నంద్యాలకు ఫోన్ చేసింది. నేను పక్కనే బండి తుడుచుకుంటున్నాను.

"శ్రీవత్సా, దొర్నిపాడుది నా కాడనే ఉండాది. దాని గురించి నువ్వు ఆలోచించొద్దు. ఆడ సంచులన్నీ రుద్రవరానికి పంపెయ్. బేగా పంపు, కొండ మింద వాన దిగేట్టుండాది."

"ఆడ సంచులన్నీ రుద్రవరానికి. అంతేనా అక్కా?"

"ఆఁ, అంతే. ఆడ సంచులన్నీ."

చూశారా! తిరిగి చెప్పించుకుంది. అతను తిరిగి చెప్పాడు. ఒక్క అక్షరం తేడా లేదు. ఇద్దరూ తృప్తిగా ఫోన్ పెట్టేశారు. మీ దగ్గర ఉన్న సంచులన్నీ అని ఈమె అంది. ఫిమేల్ సంచులన్నీ అని అతను విన్నాడు. కొన్ని రకాల్లో ఆడది ముందు వేసి మగది తర్వాత వేస్తారు, అందువల్ల అతనికి అనుమానం కూడా రాలేదు. సాయంత్రానికి నంద్యాల బండి ఒకటి రుద్రవరం వెళ్ళి ఆడ సంచులు మాత్రం దింపి వచ్చింది. శ్రీవత్స కంప్యూటరులో రుద్రవరం ఎదురుగా "పూర్తి" అని నొక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మేమంతా చర్చిలో ఉన్నాం. పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టారు. వదిన ఒళ్ళోని ఫోను ఊరికే వణుకుతోంది. మూడోసారి వణికాక కొంగు చాటున చెవికి పెట్టుకుంది. రుద్రవరం బాలమ్మ. ఆ ఊళ్ళో సీడు వేసే రైతులందరి తరఫునా సంచులు దింపుకునేది ఆమె వసారాలోనే. పక్కన కూర్చున్న నాకు కూడా ఆమె గొంతు వినిపించింది.

"ప్రసన్నా, వాన బాగా పడింది. పొద్దన్నే సంచులు ఇప్పుతామని చూస్తే అన్నీ ఎర్ర చీటీలే ఉండాయి. నీలం చీటీ ఒక్కటి ల్యా. మగది యాడమ్మా?"

ఎర్ర చీటీ ఆడదానికి, నీలం చీటీ మగదానికి. వదిన వాక్యం మధ్యలో లేచి నడుచుకుంటూ బయటికి వచ్చేసింది. వెనకాలే నేను. గేటు దగ్గర నిలబడి శ్రీవత్సకు ఫోన్ చేసింది.

"మగ సంచులు ఎందుకు పంపలేదప్పా?"

"మీరే కదక్కా ఆడ సంచులన్నీ అన్నారు?"

"నేను ఆడ అంటే ఆడ అన్నా కదప్పా!"

"నేనూ ఆడ అనే విన్నాను కదక్కా!"

ఇంకెప్పుడైనా అయితే నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. వదిన ముఖం చూసి నవ్వు రాలేదు. నంద్యాల గోదాముకు ఆదివారం తాళం. తాళం తీయాలంటే మేనేజరు చెప్పాలి. మేనేజరు చెప్పాలంటే కొత్త ఆర్డరు కావాలి. కొత్త ఆర్డరును హైదరాబాదు ఒప్పుకోవాలి. హైదరాబాదుకూ ఆదివారమే. పైగా రుద్రవరం ఎదురుగా అప్పటికే "పూర్తి" అని పడి ఉంది, పూర్తయిన ఊరికి కంప్యూటరు మళ్ళీ సంచులివ్వదట. దేశంలో వానకు తప్ప అందరికీ సెలవు ఉంది.

మా ఇళ్ళల్లో బదులు అనే పద్ధతి ఒకటుంది. చక్కెర అయిపోతే పక్కింటికి గ్లాసు పట్టుకుని పోతాం. అది అప్పు కాదు. అప్పు తీర్చకపోతే గొడవ, బదులు తీర్చకపోతే సిగ్గు. తెచ్చిన గ్లాసుతోనే మళ్ళీ కొలిచి పోసి వస్తాం. వదినకు ఆ క్షణంలో తట్టింది అదే. షెడ్డులో దొర్నిపాడు వాళ్ళ మగ సంచులున్నాయి. రకం ఒకటే, కొలత ఒకటే. దొర్నిపాడులో ఇంకా చినుకు లేదు. ఆ సంచులు ఇప్పుడు రుద్రవరానికి ఇచ్చి, నంద్యాలలో ఉండిపోయినవి తెచ్చి దొర్నిపాడుకు తీర్చేయొచ్చు.

"బండి తియ్యి ప్రదీపూ" అంది.

"అడగకుండానా వదినా?"

"ఎవుర్ని అడుగుదాం? పదునునా?"

ఆదివారం కట్టిన తెల్లచీర మీదే షెడ్డు తాళం తీసింది. హమాలీలు లేరు. నేనూ, చర్చి నుంచి లాక్కొచ్చిన మా అన్నా మోశాం. బండి కదిలే ముందు మేనేజరు రాజశేఖర్‌కు వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపింది. దొర్నిపాడు మేలు సంచులు రుద్రవరానికి బదులిస్తాండా సార్, నంద్యాలలో ఉండేవి సోమవారం నాకిప్పించండి అని. చెవిన పడినట్టు నీలం గుర్తులు కూడా వచ్చాయి. జవాబు రాలేదు. ఆ మధ్యాహ్నమే రుద్రవరంలో ఆడ సాళ్ళూ మగ సాళ్ళూ పడ్డాయి. బాలమ్మ నాకు అన్నం పెట్టి, వదినకు ఇవ్వమని దోసకాయలు ఇచ్చింది.

సోమవారం నుంచి మొదలైంది నా కడుపుమంట. ఫోన్ చేస్తే ఆఫీసు వాళ్ళు "సిస్టమ్‌లో అంతా సరిగ్గానే ఉందమ్మా" అంటారు. నిజమే, దాంట్లో అంతా సరిగ్గానే ఉంది. రుద్రవరం పూర్తి. దొర్నిపాడు మగ సంచులు ఆళ్ళగడ్డ షెడ్డులో భద్రం. ఆడ సంచులు దొర్నిపాడుకు ముందే దింపించేసి వదిన ఖాళీ షెడ్డులో నిలబడి ఫోనులో అరుస్తుంటే, అవతలివాడు ఆ షెడ్డు నిండుగా ఉందని ఆమెకే చెబుతాడు! కళ్ళతో చూస్తున్నదాన్ని కాదని, తెర మీద కనపడేదే నిజమని చెప్పేవాణ్ణి ఏం చేయాలి? మేనేజరు మీటింగుల కోసం హైదరాబాదు వెళ్ళాడు, శుక్రవారం దాకా రాడు.

మంగళవారం రాత్రి దొర్నిపాడులో వాన పడింది.

పొద్దున్నే ఏసయ్య ఫోన్ చేశాడు. దొర్నిపాడు రైతుల్లో పెద్దవాడు, మాటలు తక్కువ మనిషి. "మగ సంచులు ఎప్పుడంపుతావమ్మా? నల్లరేగడి వాళ్ళు నాలుగు దినాలు ఆగుతారు. నాది మిట్టచేను, ఆగదు."

"తెస్తాండాన్నా, తెస్తాండా" అంది వదిన. ఆ సాయంత్రమూ అదే అంది. గురువారమూ అదే అంది.

శుక్రవారం పొద్దున శ్రీవత్స రహస్యంగా ఫోన్ చేశాడు. నంద్యాలలో ఉండిపోయిన మగ సంచులు ఎవరికీ చెందని మిగులుగా చూపిస్తున్నాయట, బళ్ళారి పంపడానికి లారీ వచ్చిందట. "అక్కా, నేను తప్పు విన్నానని తెలిస్తే నన్ను తీసేస్తారు" అని కూడా అన్నాడు. వదిన చెప్పులు వేసుకుని నా బండి ఎక్కింది.

మేనేజరు రాజశేఖర్ చెడ్డవాడు కాదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేవాళ్ళం. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, వదిన చెప్పినదంతా విన్నాడు. బళ్ళారి లారీని ఆపమని అక్కడికక్కడే చెప్పాడు. శ్రీవత్స పక్క బల్ల దగ్గర కూర్చుని తెర వైపే చూస్తున్నాడు.

"ఫోనులో మీరు 'ఆడ', 'ఈడ' అనకుండా 'అక్కడ', 'ఇక్కడ' అని ఉంటే ఇదంతా జరిగేది కాదు కదండీ" అన్నాడు మేనేజరు.

"సగం తప్పు నాదే సార్. మిగతా సగం ఎవురిదో మీరే చూసుకోండి. సంచులు ఎప్పుడిస్తారు?"

"దొర్నిపాడుకు ఇవ్వాలంటే అక్కడ కొరత ఉన్నట్టు కనపడాలి. మీ గోదాము నిండుగా ఉన్నట్టు చూపిస్తోంది."

"బదులిచ్చినా అంటి కదా సార్."

"సిస్టమ్‌లో బదులు అనేది లేదమ్మా."

"లేకపోతే పెట్టండి."

ఆయన నవ్వాడు. చెడ్డగా కాదు, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. వదిన చెవులు ఎర్రబడటం నేను చూశాను. తర్వాత ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. మీ షెడ్డు రేకు కారింది, మగ సంచులు తడిసి పాడైపోయాయి అని పెడదాం. రేకుల షెడ్డే కాబట్టి ఎవరూ అడగరు. కొత్త సంచులు ఇప్పుడే ఇచ్చేస్తాను. మీ మీద మాట రాదు, ఇతని మీద మాట రాదు. ఎవరికీ నష్టం లేదు."

నేనైతే అప్పటికే జేబులోంచి బండి తాళం తీశాను. ఏసయ్య చేను నా కళ్ళ ముందు ఆరిపోతోంది. వదిన మాత్రం కదల్లేదు.

"మరి రుద్రవరం సంగతేంది సార్?"

"రుద్రవరానికేం? విత్తనం పడిపోయింది కదా."

"చేన్లో పడింది. మీ దాంట్లో పడినట్టుండాదా?"

ఆయన తెర వైపు చూశాడు.

"మా షెడ్డులో తడిసి కుళ్ళిపోయిన సంచులు రుద్రవరంలో ఎట్ట మొలుస్తాయి సార్? ఏందీ, అవి దయ్యాలా?"

ఆమె అడిగింది ఏమిటో నాకు అప్పుడు ఎక్కింది. పంట చేతికొచ్చాక కంపెనీ తనిఖీ మనిషి వస్తాడు. ఈ చేనుకు మగ విత్తనం ఇచ్చినట్టు లేదు, నువ్వు పక్కన వేసింది ఏ మగదో మాకేం తెలుసు అంటాడు. సీడు కాదు పొమ్మంటాడు. అంత పంటా కోళ్ళ మేతకు పోతుంది. ఇది ఊహ కాదు. పక్క మండలంలో ఒక రైతుకు అలాగే జరిగింది. ఆయన భార్య వచ్చి మా వదిన షెడ్డు ముందు కూర్చుని నిజంగానే పిడికిళ్ళతో దుమ్మెత్తి పోసింది. ఆ దుమ్ము ఊడ్చుకున్నది వదినే, మేనేజరు కాదు.

"అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం. నేను చెబుతాను కదా" అన్నాడు ఆయన.

"అప్పటికి మీరు ఈడ ఉంటారా సార్? మీ ముందర ఉండే సార్ కూడా నేను చెప్తా అనే అన్యాడు."

వదిన తెర వైపు చెయ్యి చూపించింది.

"జరిగింది జరిగినట్టు పెట్టేదానికి దాంట్లో ఏమీ లేదా?"

రాజశేఖర్ కాసేపు తెర మీద పైకీ కిందికీ వెతికాడు. "ఒకటుంది. అనుమతి లేని తరలింపు. ఎవరు తీశారు, ఎవరి సంచులు, ఏ ఊరికి పోయాయి, అన్నీ అందులో పడతాయి. కానీ అది దొంగతనాల కోసం పెట్టింది ప్రసన్నకుమారి గారూ. నొక్కితే నేరుగా హైదరాబాదు పోతుంది. ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

"రుద్రవరం పేరు పడతాదా?"

"పడుతుంది."

"మగ సంచులు ఆడికి పోయినట్టు?"

"పడుతుంది. తీసిన మనిషిగా మీ పేరు కూడా పడుతుంది."

"నొక్కండి."

"ఒకసారి ఇంట్లో అడిగి..."

"దొర్నిపాడులో పదును ఆరిపోతాంది! నొక్కండి సార్!"

ఆ కేకకు బయట హమాలీలు లోపలికి తొంగి చూశారు. ఆయన నొక్కాడు. దొర్నిపాడుకు కొరత కనపడింది, సంచులు ఇమ్మని గోదాముకు చీటీ రాశాడు. శ్రీవత్స అప్పటికీ నోరు మెదపలేదు. అరగంట తిరక్కుండానే హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది, షెడ్డు తాళం చెవి అప్పగించమని. వదిన పంపిన మాట ఆదివారం నుంచి మేనేజరును దాటి పైకి అందలేదు, దొంగ అనే మాట మాత్రం అరగంటలో అందింది. ఏం కంప్యూటరు బాబూ! తిట్లు మోయడానికి దాన్ని మించిన లారీ లేదు.

గోదాము దగ్గర హమాలీలు భోజనానికి పోయారు. శ్రీవత్స పరుగెత్తుకుంటూ వచ్చి తన వీపు మీదే సంచులు మోసి నా బండికెక్కించాడు. చొక్కా అంతా విత్తనాలకు పట్టించిన మందు రంగు అంటుకుంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"లోపల నోరు యాడ పెట్టుకుంటివి శ్రీవత్సా?" అంది వదిన. అతను తల దించుకున్నాడు. ఆమె ఇంకేదో అనబోయి, నీళ్ళ సీసా అతని చేతిలో పెట్టి బండెక్కింది.

కోవెలకుంట్ల మీదుగా దొర్నిపాడుకు నేను తోలిన తోలుడు ఇక్కడ రాయకూడదు, పోలీసులు కూడా చదవవచ్చు. రైతులు రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. నల్లరేగడిలో ఇంకా తడి ఉంది. చీటీ చూసి పేరు పిలవడం, సంచి భుజానికెత్తడం, పరుగు. బండి దాదాపు ఖాళీ అయింది. ఏసయ్యవి రెండు సంచులు మిగిలాయి. ఆయన అందరివీ దింపించాడు, తనవి ముట్టుకోలేదు.

"దింపుకో అన్నా" అంది వదిన.

"నాకొద్దులేమ్మా. నా చేను నిన్ననే ఆరిపాయ. ఇంకో వాన పడితే శనగ చల్లుకుంటా."

"నా ఉద్యోగం పోగొట్టుకోని తెచ్చినా అన్నా ఇవి." ఆదివారం నుంచి జరిగినదంతా అక్కడే, అందరి ముందూ చెప్పింది. రుద్రవరం వాన, బాలమ్మ ఫోను, బదులు, ఆఫీసు, అన్నీ. ఏసయ్య చివరిదాకా విన్నాడు.

"అంటే మా సంచులు ఆదివారమే లేవు."

"లేవన్నా."

"నేను ఫోన్ చేసినప్పుడు కూడా లేవు. తెస్తాండా తెస్తాండా అంటివే గానీ, లేవు అనకపోతివి."

వదిన ఆ రెండు సంచుల వైపు చూసింది.

"నీ ఉద్యోగం నువ్వు ఇష్టపడి పోగొట్టుకున్యావు. నా పదును నేను ఇష్టపడి పోగొట్టుకోలేదు. రుద్రవరానికి బదులియ్యాల ఏసయ్యా అని ఒక్క మాట అడిగింటే నేనే మోసి బండికేస్తాంటి. లేవు అని తెలిసింటే బుధవారమే శనగ చల్లుకుంటాంటి. మా సొత్తు ఇచ్చేటప్పుడు మమ్మల్ని అడిగేది లేదా? మీ ఆఫీసుకు చెప్తివి, మీ మరిదికి చెప్తివి. మాకు చెప్పకపోతివి."

నాకు రక్తం తలకెక్కింది. ఈ మనిషి కోసం, ఈ మనుషుల కోసం... నేను నోరు తెరిచేలోపే వదిన నా వైపు తిరిగింది.

"నోరు ముయ్యి ప్రదీపూ. ఆయన చెప్పేది నిజమే."

తర్వాత ఆయన వైపు తిరిగి, "తోచలేదన్నా. నాకు తోచనే లేదు" అంది. ఏసయ్య తువ్వాలు దులుపుకుని చేను వైపు వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన అన్నదాంట్లో ఒక్క తప్పు దొరికితే ఆ కోపానికి కాస్త దారి దొరికేది. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ రెండు సంచులతో వెనక్కి బయల్దేరాం. వదిన కిటికీ వైపు ముఖం తిప్పి కూర్చుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోందని తెలిసి నేను అద్దంలోకి చూడలేదు. ఊరు దాటుతుండగా ఆమె ఫోను మోగింది. బాలమ్మే. సంతోషం పట్టలేక అరుస్తోంది, ఫోను నా చెవి దగ్గర ఉన్నట్టే ఉంది.

"ప్రసన్నా! మగ సాళ్ళు మొలిచినాయమ్మా! ఒక్క సందు లేకుండా మొలిచినాయి! నీ పేరు చెప్పుకోని ఈడ అందరూ..."

"ఆ సంచులు నావి కాదు బాలమ్మా" అంది వదిన, ఆమె మాట మధ్యలోనే, దాదాపు తిట్టినట్టు. "దొర్నిపాడు ఏసయ్యవి. ఆయన చేను బీడుగా ఉండాది. నంబరు చెప్తా, ఇప్పుడే ఆయనకు ఫోన్ చేసి చెప్పు. నాకు చెప్పొద్దు."